గాటు చిన్నదే, నెత్తురు ఆగదేం?

1910లో విలియం డ్యూక్ అనే అమెరికా వైద్యుడు రక్తస్రావాన్ని కొలిచే తేలికైన పరీక్ష ఒకటి ప్రకటించాడు. రోగి చెవితమ్మెకు చిన్న గాటు పెట్టి, అర నిమిషానికోసారి బ్లాటింగ్ కాగితాన్ని నెత్తుటి చుక్కకు ఆనించడమే పరీక్ష. మొదటి మరక పెద్దగా పడుతుంది, తర్వాతది కాస్త తగ్గుతుంది. అలా తగ్గుతూ తగ్గుతూ చివరికి కాగితానికి ఏమీ అంటదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మామూలుగా 1 నుంచి 3 నిమిషాలు. షరతు ఒక్కటే, కాగితం చుక్కను పీల్చుకోవాలే గానీ గాయానికి తగలకూడదు. తగిలిందా, లెక్క చెడిపోతుంది.

ఆఫీసుకు టైమైపోతుంటే అద్దం ముందు మనం చేసేదేమిటి? దవడ కింద బ్లేడు కసుక్కున దిగుతుంది. నీళ్లు కొట్టుకుంటాం. తువ్వాలుతో తుడుస్తాం. ఆగిందా అని వేలు పెట్టి చూస్తాం. ఎర్రగా కనిపిస్తే మళ్లీ కడుగుతాం. పావుగంట తర్వాత చొక్కా కాలరు మీద మరక చూసి, ‘నా నెత్తురు గడ్డకట్టదు’ అని తేల్చేస్తాం. పాపం, అది కట్టిన గడ్డను కట్టినట్టే తుడిచేసింది మనమే!

చర్మం పైపొరలో రక్తనాళాలుండవు. దాని కిందిపొర వేలికొసల్లాంటి బుడిపెలుగా పైకి పొడుచుకొస్తుంది. ఒక్కో బుడిపెలో వెంట్రుక కన్నా ఎంతో సన్నని రక్తనాళం మెలి తిరిగి ఉంటుంది. వాలుగా జారిన బ్లేడు ఈ బుడిపెల తలలను వరసగా చెక్కేస్తుంది. అందుకే చాలాసార్లు గడ్డం గాటులో నెత్తురు ఒక్క ధారగా రాదు, నాలుగైదు చుక్కలుగా పొడుస్తుంది. పైగా ముఖానికి నెత్తుటి సరఫరా ఎక్కువ. గడ్డం మెత్తబడాలని వేడినీళ్లు పూసుకున్నాం కదా, ఆ వేడికి నాళాలు ఇంకా విచ్చుకుంటాయి. కొత్త బ్లేడు పదును మరో కారణం. నలిగిన గాయంలో దెబ్బతిన్న కణజాలం గడ్డకట్టే ప్రక్రియను గట్టిగా తట్టిలేపుతుంది. నునుపుగా తెగిన చోట ఆ ప్రేరణ తక్కువ.

తెగిన నాళం ముందు ముడుచుకుంటుంది. క్షణాల్లో ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన అంచుకు అతుక్కుంటాయి, ఆకారం మార్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 1882లో ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజోజెరో ఈ పని సూక్ష్మదర్శినిలో చూసి వివరించాడు. మన నెత్తుటిలో ఘన మిల్లీమీటరుకు 1.5 నుంచి 4.5 లక్షల ప్లేట్‌లెట్లుంటాయి. చిన్న గాటుకు ఇవి కట్టే బిరడా చాలు, కానీ మొదట్లో అది చాలా బలహీనం. దాన్ని బిగించేవి ఫైబ్రిన్ పోగులు. అవి అల్లుకోవడానికి ఇంకొన్ని నిమిషాలు కావాలి. మన తువ్వాలు దిగేది సరిగ్గా ఈ మధ్యలోనే.

కాబట్టి చేయాల్సిన పని సులువు, చేయడమే కష్టం. సబ్బునురగ ఒక్కసారి చల్లటి నీళ్లతో కడిగేసి, శుభ్రమైన గుడ్డ మడత పెట్టి, వేలితో గట్టిగా అదిమి పట్టాలి. 5 నిమిషాలు, గడియారం చూసి. మధ్యలో ఎత్తి చూడకూడదు. ఆగకపోతే మరో 10 నిమిషాలు. గుడ్డ అంటుకుపోతే లాగకుండా తడిపి వదిలించుకోవాలి. గడ్డానికి న్యూస్‌పేపరు ముక్క అంటించుకుని టిఫిను దగ్గర కూర్చునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆగాక కాస్త వ్యాజ్‌లైన్ రాస్తే బిరడా ఎండి పగలకుండా ఉంటుంది. కాఫీపొడి, పసుపు అద్దితే ఆగినట్టే కనిపిస్తుంది. ఆపింది పొడికన్నా దాన్ని అదిమిన వేలే అని నా అనుమానం. గాయంలో వంటింటి దుమ్ము మాత్రం మిగులుతుంది.

పటిక సంగతి వేరు, అది నిజంగానే పనిచేస్తుంది. పొటాషియం, అల్యూమినియం సల్ఫేట్ల జంట లవణం అది. గోదావరికి కొత్తనీరొచ్చినప్పుడు బిందెలో పటికముక్క తిప్పితే బురద రేణువులు ముద్దకట్టి అడుగుకు దిగినట్టే, గాటు మీద రుద్దితే నెత్తుటిలోని, చర్మంలోని ప్రొటీన్లు ముద్దకడతాయి. చర్మం బిగుసుకుంటుంది, నాళాల మూతులు మూసుకుంటాయి. ఆ చురుక్కుమనేది అందుకే. మందుల షాపుల్లో దొరికే స్టిప్టిక్ పెన్సిలు కూడా ఎక్కువగా ఈ జాతిదే. చుక్కలు పొడిచే గాటుకు ఇది బాగుంటుంది. ధారగా కారేదానికి పెట్టినా నెత్తురే దాన్ని కడిగేస్తుంది.

అయితే పటికముక్క ఎవరిది వాళ్లకుండాలి. సెలూన్లో బ్లేడు మార్చమని గట్టిగా అడుగుతాం, అందరి గాట్ల మీదా తిరిగిన తడి పటికకు మాత్రం నోరెత్తకుండా చెంప అప్పగిస్తాం. హెపటైటిస్ బి వైరసు శరీరం బయట కనీసం 7 రోజులు బతుకుతుంది.

అదిమినా ఆగని గాటు వెనుక చాలాసార్లు మాత్ర ఉంటుంది. 1940లలో కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే వైద్యుడు టాన్సిల్స్ తీయించుకున్నవాళ్లకు నొప్పి తగ్గడానికి ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ ఇచ్చేవాడు. అది ఎక్కువగా నమిలినవాళ్లకు నెత్తురు ఆగడం లేదని గమనించి, ఇదే గుణం గుండెపోటును అడ్డుకోవచ్చుగా అని ఊహించాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ గుండెకు స్టెంటు వేయించుకున్న ఇంటింటా 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు. ఆస్పిరిన్ చెడగొట్టిన ఎంజైమును అది మళ్లీ తయారుచేసుకోలేదు, బతికే 8-10 రోజులూ అలాగే తిరుగుతుంది. అందుకని గడ్డం గాటుకు భయపడి మాత్ర మానేస్తే ప్రమాదం అంతకు ఎన్నో రెట్లు. ఎలక్ట్రిక్ ట్రిమ్మరు కొనుక్కోవడం మేలు. డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు కోలుకునేదాకా బ్లేడు జోలికి పోకూడదు.

హిమోఫిలియా ఉందేమోనని కంగారుపడేవాళ్లుంటారు. చిత్రమేమంటే, ఆ జబ్బులో ప్లేట్‌లెట్లు బాగానే ఉంటాయి గనుక గడ్డం గాటు లాంటివి చాలావరకు మామూలుగానే ఆగిపోతాయి. నెత్తురు చేరేది కీళ్లలో, కండరాల్లో. చిన్న గాటుకే చాలాసేపు కారడం, తరచూ ముక్కునుంచి రక్తం, పళ్లు తోమితే చిగుళ్ల నుంచి నెత్తురు రావడం, ఇవన్నీ కలిసి ఉంటే మాత్రం వాన్ విల్లెబ్రాండ్ జబ్బు పరీక్ష అడగాలి.

గాటు పెదవి అంచును చీల్చినా, నోరు తెరుచుకుని లోతుగా ఉన్నా, 20 నిమిషాలు అదిమినా ఆగకపోయినా కుట్లు పడతాయేమో డాక్టరే చూడాలి. ఇంకొకటుంది. ప్రతిసారీ ఒకేచోట, ఒకే బుడిపె తెగి నెత్తురొస్తుంటే, వారాలు గడిచినా అది మానకపోతే బ్లేడును తిట్టుకోవడం మాని చర్మవైద్యుడికి చూపించాలి. కొన్ని చర్మ క్యాన్సర్లు ఇలాగే, మానని గడ్డం గాటులా బయటపడతాయి.