పొట్టి ఆవు.. ఇంటి పాడికి గట్టి అండ

* పుంగనూరు జాతిపై పెరిగిన మోజు
* కొనేముందు లెక్క చూసుకోకుంటే నష్టమే
* ఆబోతు ఎంపికే కీలకం

పుంగనూరు: ఒకప్పుడు పుంగనూరు పరిసర పల్లెల్లో ప్రతి రైతు కొట్టంలోనూ కనిపించిన పొట్టి ఆవు ఇప్పుడు లక్షల రూపాయల ధర పలుకుతోంది. 2024 సంక్రాంతి నాడు ప్రధాని నరేంద్ర మోదీ తన నివాసంలో ఈ జాతి ఆవులకు మేత తినిపించిన దృశ్యాలు దేశమంతటా ప్రచారమయ్యాక గిరాకీ మరింత పెరిగింది. ఎకరా, రెండెకరాలున్న చిన్న రైతులు సైతం అప్పు చేసి ఆవును తెచ్చుకోవాలని ఉత్సాహపడుతున్నారు. అయితే ఈ ఆవు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలుసుకోకుండా కొంటే చేతులు కాల్చుకోక తప్పదు.

పుట్టినచోటే కనుమరుగు

పుంగనూరు, మదనపల్లె, పలమనేరు, వాయల్పాడు ప్రాంతాలు ఈ జాతికి పుట్టినిల్లు. వర్షాభావం, చవుడు మేత, రాళ్ల నేలలను తట్టుకుని నిలిచిన పశువు ఇది. చిన్న కమతాల్లో తేలిక దుక్కికి కోడెలు, ఇంటి అవసరాలకు ఆవు పాలు సరిపోయేవి. పాల ఉత్పత్తి పెంచేందుకు జెర్సీ, హోల్‌స్టీన్ సంకరీకరణ ఊరూరా సాగడం, ట్రాక్టర్లు రావడంతో కోడెలకు పని లేకపోవడం ఈ జాతిని దెబ్బతీశాయి. స్వచ్ఛమైన ఆబోతులు కరవయ్యాయి. ఒక దశలో పలమనేరులోని పశు పరిశోధన కేంద్రమే ఈ జాతికి ప్రధాన ఆశ్రయంగా మిగిలింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్న ఆ కేంద్రం ద్వారా జాతిని వృద్ధి చేసేందుకు 2020లో ‘మిషన్ పుంగనూరు’ పేరిట పిండమార్పిడి పద్ధతులను చేపట్టారు.

గుర్తు పట్టడమెలా?

ఆవు ఎత్తు సాధారణంగా 70 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య, బరువు 115 నుంచి 200 కిలోల మధ్య ఉంటుంది. నుదురు వెడల్పుగా, కొమ్ములు పొట్టిగా నెలవంక ఆకారంలో ఉంటాయి. వీపు ముందు నుంచి వెనుకకు వాలుగా కనిపిస్తుంది. తోక కుచ్చు దాదాపు నేలను తాకుతుంది. తెలుపు, బూడిద, గోధుమ, ఎరుపు, నలుపు రంగుల్లో ఉంటాయి. పొట్టిగా ఉన్న ప్రతి ఆవూ పుంగనూరు కాదు. మేత చాలక ఎదుగుదల ఆగిన నాటు దూడలను కూడా ఈ పేరుతో అంటగట్టే దళారులు ఉన్నారు. అందువల్ల దూడను మాత్రమే చూసి బేరం కుదుర్చుకోరాదు. తల్లిని, వీలైతే తండ్రి ఆబోతును కూడా చూడాలి. పశువైద్యునితో పళ్లు, పొదుగు, గిట్టలు, చూడి పరీక్ష చేయించాకే సొమ్ము చెల్లించాలి. ‘మినియేచర్’, ‘మైక్రో’ అన్నవి అమ్మకందారులు వాడే మాటలే తప్ప గుర్తింపు పొందిన జాతుల పేర్లు కావు.

పాల లెక్క ఇదీ..

ఈ ఆవు రోజుకు మూడు నుంచి ఐదు లీటర్ల పాలిస్తుందన్నది ప్రచారంలో ఉన్న మాట. జాతిపై నమోదైన వివరాల ప్రకారం ఒక ఈతకు సగటు దిగుబడి సుమారు 546 కిలోలు. తొమ్మిది నెలల పాడికి పంచితే రోజుకు రెండు లీటర్లు. ఈనిన కొత్తలో ఎక్కువ ఇచ్చి, క్రమేపీ తగ్గుతుంది. వెన్న శాతం ఎనిమిది వరకు ఉంటుందన్న మాట కూడా ప్రతి ఆవుకూ వర్తించదు. పాల కేంద్రంలో పరీక్ష చేయిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. పాలు పోసి అప్పు తీర్చాలనుకునే రైతుకు ఈ ఆవు తగదు. అదే సమయంలో నలుగురున్న కుటుంబానికి రెండు లీటర్ల చిక్కటి పాలు తక్కువేమీ కాదు. రెండు ఆవులుండి, ఆరు నెలల తేడాతో ఈనేలా చూసుకుంటే ఏడాది పొడవునా ఇంట్లో పాడి ఉంటుంది.

మేతలోనే మిగులు

పశువుకు దాని బరువులో రెండున్నర నుంచి మూడు శాతం వరకు ఎండు పదార్థం రోజూ అవసరం. ఆ లెక్కన 150 కిలోల పుంగనూరు ఆవుకు నాలుగు కిలోలు సరిపోతుంది. 400 కిలోల సంకరజాతి ఆవుకు 10 నుంచి 12 కిలోలు కావాలి. అంటే పెద్ద ఆవు ఒకటి తినే మేతతో రెండు, మూడు పొట్టి ఆవులను సాకవచ్చు. వేరుశనగ కట్టె, రాగి గడ్డి, వరిగడ్డితో పాటు గట్ల మీది పచ్చిక, కొద్దిగా తవుడు, చెక్క, ఖనిజ లవణ మిశ్రమం అందిస్తే ఆరోగ్యంగా ఉంటుంది. మహిళలు, వృద్ధులు సైతం సులువుగా పట్టుకుని కట్టేయగలగడం మరో సౌలభ్యం. ప్రకృతి సేద్యం చేసే రైతుకు పేడ, మూత్రం అదనపు ఆదాయంతో సమానం. ఎకరానికి సరిపడే 200 లీటర్ల జీవామృతానికి కావలసిన పది కిలోల పేడ ఒకటి రెండు రోజుల్లోనే సమకూరుతుంది.

ఎద సమయంలో జాగ్రత్త

ఈ పెంపకంలో రైతులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఎదకు వచ్చిన ఆవుకు దొరికిన వీర్యం వేయిస్తే ముప్పు కొనితెచ్చుకున్నట్లే. జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యంతో కట్టిన దూడ గర్భంలోనే పెద్దదై ఈత కష్టమవుతుంది. తల్లి ప్రాణానికే ప్రమాదం ఏర్పడవచ్చు. దూడ బతికినా జాతి నిలవదు. పుంగనూరు వీర్యమే కావాలని గోపాలమిత్రకు, పశువైద్యశాలకు ముందే చెప్పి ఉంచాలి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం గర్భధారణ చేయించాలి. కట్టకపోతే సుమారు 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది.

సొంత ఆబోతు ఉన్నవారు దాని కూతుళ్లతో దాటించరాదు. దగ్గరి రక్తంలో పుట్టిన దూడలు బలహీనంగా ఉండి, మునుముందు చూలు నిలవని సమస్యలు తలెత్తుతాయి. రెండు, మూడేళ్లకొకసారి మరో ఊరి రైతుతో ఆబోతును మార్చుకోవడం ఉత్తమం. ఇంకా పొట్టి, మరింత పొట్టి అంటూ ఎత్తు ఒక్కటే చూసి జతకట్టించడం కూడా తగదు. ఐర్లండ్‌కు చెందిన డెక్స్‌టర్ అనే చిన్న జాతిలో పొట్టితనానికి కారణమైన జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే దూడ చచ్చి పుట్టడం తెలిసిన విషయమే. ఎత్తుతో పాటు పాలు, కాళ్ల బలం, ఏటా చూలు నిలవడం కూడా చూడాలి.

ఓర్పు ఉన్నా టీకా తప్పదు

కరవును తట్టుకునే ఆవు కనుక రోగాలు రావన్న నమ్మకం సరికాదు. గాలికుంటు, ముద్దచర్మ వ్యాధి టీకాలు గడువు ప్రకారం వేయించాలి. తొలకరికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు పూర్తి చేయాలి. దూడ పుట్టిన గంట, రెండు గంటల్లో జున్నుపాలు తాగించాలి. ఆవు ఇచ్చేది కొద్ది పాలే కనుక మొత్తం పిండుకుని దూడ కడుపు మాడిస్తే రేపటి ఆస్తిని నేడే పోగొట్టుకున్నట్లవుతుంది. పిడుదుల నివారణ, నట్టల మందు మరువరాదు.

ధర నిలిచేనా?

దూడలు అమ్మి లక్షలు గడించవచ్చన్న ఆశతోనే చాలామంది ముందుకు వస్తున్నారు. ఆవుకు ఏడాదికి దక్కేది మహా అయితే ఒక్క దూడ. అది కోడెదూడ అయితే కొనేవారు అరుదు. నేటి ధర మోజు మీద ఆధారపడినది కనుక మూడు, నాలుగేళ్ల తర్వాత ఇలాగే ఉంటుందన్న భరోసా లేదు. అప్పుతో ఐదారు ఆవులను ఒకేసారి తెచ్చేకన్నా చూడి ఆవు ఒకటి తెచ్చి, పెయ్యదూడలను నిలుపుకుంటూ మందను పెంచుకోవడం మేలు. ధర తగ్గినా ఇంటి పాలు, పొలానికి ఎరువు తగ్గవు. ఆ లెక్కతో కొన్న రైతుకు నష్టం ఉండదు. ఆ లెక్కతో పెంచే రైతులు పెరిగితేనే పుంగనూరు ఆవు మళ్లీ పల్లె కొట్టానికి చేరుతుంది.