‘రిపోర్టులో ఏమీ లేదు’ అంటే నొప్పి లేదనా?

పొద్దున్నే నందిగామ, జగ్గయ్యపేట బస్టాండ్లలో బెజవాడ బస్సు ఎక్కేవాళ్ల చేతి సంచులు చూడండి. కొన్నిట్లో చుట్టచుట్టిన ఎమ్మారై ఫిల్ములు, మూడు నాలుగు ఆసుపత్రుల చీటీలు ఉంటాయి. మిరపకోతల్లో వంగి వంగి పట్టేసిన నడుములవి. సాయంత్రానికి సంచిలో ఇంకో చీటీ చేరుతుంది. మాట మాత్రం పాతదే: ‘‘ఏమీ లేదమ్మా, అన్నీ నార్మలే.’’ ఇంటికొస్తే, ‘‘ఏమీ లేదన్నారుగా, ఇంకా మూలుగుడేంటి?’’

అపోహ: స్కాన్‌లో కనబడలేదంటే నొప్పి ఉత్తిదే.

వాస్తవం: స్కాన్ ఎముకను, డిస్కును చూపిస్తుంది. నొప్పిని చూపించే యంత్రం లేదు. గాయం మానినా నరాలు ఉలికిపాటు మానకపోవచ్చు. మూడు నెలలు దాటితే అది దీర్ఘకాలిక నొప్పి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో దానికి సొంత కోడ్ ఉంది.

అపోహ: డిస్కు ఉబ్బిందని రాశారు, ఇక ఆపరేషనే.

వాస్తవం: ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లను పరిశీలించిన 2015 నాటి సమీక్షలో 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బే ఉంది. అయితే కాలు చచ్చుబడినా, మూత్రం ఆగకపోయినా, బిగదీసినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: వారానికో సూది వేయించుకుంటే పని గడిచిపోతుంది.

వాస్తవం: ఊళ్లో వేసే ఆ సూదిలో ఉన్నది నొప్పి మందు డైక్లోఫెనాక్ కావచ్చు, స్టెరాయిడ్ కావచ్చు. మొదటిది అలవాటైతే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నీళ్లు తాగకుండా ఎండలో పనిచేసేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. రెండోది షుగర్ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను మాత్రం డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు.

అపోహ: డిప్రెషన్ మాత్ర రాశారంటే, నాకు పిచ్చి అనుకున్నట్టే.

వాస్తవం: అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ అనే డిప్రెషన్ మందులు నరాల నొప్పికీ పనిచేస్తాయి. ఆ ఒక్క ముక్క చెప్పకుండా చీటీ చేతిలో పెడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ‘‘ఇది దేనికండీ?’’ అని అడగడం మీ హక్కు.

అపోహ: నొప్పి పూర్తిగా పోలేదంటే వైద్యం దండగ.

వాస్తవం: నొప్పి సగానికి తగ్గి, రాత్రి నిద్ర పట్టి, మళ్లీ నాలుగడుగులు వేయగలిగితే అది గెలుపే. మందుతో పాటు ఫిజియోథెరపీ, రోజూ కొంచెం కొంచెం పెంచుకునే నడక కావాలి. మంచానికి అతుక్కుంటే నడుము ఇంకా బిగుసుకుంటుంది.

డాక్టరు దగ్గర దొరికేది ఐదు నిమిషాలే. ‘‘బాగా నొప్పండీ’’ అంటే అందులో ఆయనకు అందేదేమీ లేదు. ‘‘పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడలేకపోతున్నా, రాత్రి మూడుసార్లు మెలకువొస్తోంది, ఈ మాత్రలు వాడినా తగ్గలేదు’’ అని ఒక కాగితం మీద రాయించి, సంచిలో ఫిల్ముల మీద పెట్టుకోండి. ముందు అదే తీసి ఇవ్వండి. స్కాన్‌లో లేనిది అందులో ఉంటుంది.