జ్వరం అయిదు రోజులు దాటితే...

చూడ్డానికి తట్టులా ఉంటుంది. లోపల మాత్రం గుండె రక్తనాళాలను దెబ్బతీస్తుంది. చిన్నపిల్లలకు వచ్చే ఈ కవాసాకి జబ్బును పదిరోజుల్లోపు గుర్తిస్తే ముప్పు చాలావరకూ తప్పుతుంది!

పసిపిల్లలకు జ్వరం రాని ఇల్లుండదు. ఎక్కువగా వైరస్‌ల వల్లే వస్తుంది, మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. చిక్కల్లా మందులు వేస్తున్నా దిగిరాని జ్వరంతోనే.

1961 జనవరిలో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రికి అలాంటి జ్వరంతోనే వచ్చాడు నాలుగేళ్ల బాబు. ఎర్రటి కళ్లు, పగిలిన పెదాలు, ఒంటినిండా దద్దుర్లు. డాక్టర్ తోమిసాకు కవాసాకి పెన్సిలిన్ ఇచ్చి చూశారు. గుణం కనిపించలేదు. కొన్నాళ్లకు జ్వరం దానంతటదే తగ్గింది కానీ ఏ జబ్బో తేలలేదు. మరుసటి ఏడాది అవే లక్షణాలతో మరో చిన్నారి! అప్పట్నుంచీ అలాంటి పిల్లల వివరాలన్నీ రాసిపెట్టుకున్న ఆయన 1967లో 50 మంది గురించి వైద్యపత్రికలో ప్రచురించారు. అప్పటికి ఇది ప్రాణాంతకం కాదనే అనుకున్నారు. 1970లో జపాన్ అంతటా సర్వే చేశాక అసలు సంగతి తెలిసింది. కొందరు పిల్లలు గుండె ధమనుల్లో రక్తం గడ్డకట్టి చనిపోయారు.

సొంత ఒంటిమీదే దాడి
క్రిములను తరిమికొట్టాల్సిన రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, సొంత రక్తనాళాల గోడలనే వాపెక్కిస్తుంది. గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనుల గోడలు బలహీనపడి బుడగల్లా ఉబ్బుతాయి. కారణం ఇదీ అని ఒక్క క్రిమినీ పట్టుకోలేకపోయారు. జన్యుపరంగా అవకాశం ఉన్న పిల్లల్లో ఏదో వైరస్ ఇన్‌ఫెక్షన్ దీన్ని రాజేస్తుందన్నది నిపుణుల అనుమానం. 2020లో కరోనా భయంతో జపాన్‌లో అందరూ మాస్కులు కట్టుకుని దూరంగా మసలినప్పుడు ఈ కేసులు సుమారు మూడోవంతు తగ్గడం ఆ అనుమానానికి బలమిచ్చింది. అలాగని ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు.

ఇవీ ఆనవాళ్లు
బాధితుల్లో ఎక్కువమంది అయిదేళ్లలోపు వాళ్లే. అయిదు రోజులు దాటినా జ్వరం తగ్గదు. కళ్లు రెండూ ఎర్రబడతాయి కానీ కళ్లకలకలోలా పుసి కట్టదు. పెదాలు ఎర్రబారి పగులుతాయి. నాలుక స్ట్రాబెర్రీ పండులా ఉంటుంది. ఒంటిమీద దద్దుర్లు, అరచేతులూ అరికాళ్ల వాపు, మెడలో ఒకపక్క బిళ్ల కట్టడం ఉంటాయి. కొందరు పసివాళ్లలో భుజంమీది బీసీజీ టీకా మచ్చ మళ్లీ ఎర్రబడుతుంది. రెండో వారం దాటాక గోళ్ల చుట్టూ తోలు ఊడుతుంది.

ఇవన్నీ ఒకేసారి కనిపించవు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి కళ్ల ఎరుపు పోయి ఉండొచ్చు. దద్దుర్లను మందు పడకపోవడం వల్ల వచ్చినవనుకోవచ్చు. ఆర్నెల్లలోపు బిడ్డల్లో జ్వరం తప్ప మిగతా లక్షణాలు సరిగా బయటపడకపోవచ్చు. ఈ జబ్బును ఖాయంగా తేల్చిచెప్పే రక్తపరీక్ష లేదు కాబట్టి తల్లిదండ్రులు చెప్పే వివరాలే కీలకం. జ్వరం మొదలైన తేదీ రాసిపెట్టుకోవాలి. దద్దుర్లు, ఎర్రని కళ్లను సెల్‌ఫోన్లో ఫొటో తీసి చూపించాలి.

పదిరోజుల గడువు
వేలమంది దాతల ప్లాస్మా నుంచి తయారుచేసే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను సెలైన్‌లా నరంలోకి ఎక్కించడమే ప్రధాన చికిత్స. ఖరీదు ఎక్కువే. జ్వరం మొదలైన పదిరోజుల్లోపు ఇస్తేనే పూర్తి మేలు. చికిత్స అందకపోతే నూటికి పాతికమంది పిల్లల్లో ధమనులు దెబ్బతింటాయి. సకాలంలో అందితే అది నలుగురైదుగురికి తగ్గుతుంది. దీంతోపాటు ఆస్పిరిన్ కూడా ఇస్తారు. పిల్లలకు మామూలు జ్వరాల్లో ఆస్పిరిన్ ప్రమాదకరం కాబట్టి సొంతంగా ఎప్పుడూ వేయకూడదు.

కరోనా తరవాత...
2020 ఏప్రిల్‌లో బ్రిటన్ వైద్యులు కవాసాకిని పోలిన లక్షణాలతో వస్తున్న పిల్లలను గమనించారు. కరోనా సోకిన రెండు నుంచి ఆరు వారాలకు వచ్చే ఆ సమస్యకు ఎంఐఎస్-సి అని పేరుపెట్టారు. అది కవాసాకి కాదు. కాస్త పెద్ద పిల్లలకు వస్తుంది, కడుపునొప్పి, వాంతులు ఎక్కువ. అయితే వైరస్ వెళ్లిపోయాక కూడా శరీరం తనమీద తానే తిరగబడగలదని అది మరోసారి చూపించింది. అదే ఏడాది జూన్‌లో డాక్టర్ కవాసాకి 95వ ఏట కన్నుమూశారు.

జ్వరం తగ్గింది కదా అని వదిలేయకూడదు. రెండు వారాలకొకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మరోసారి గుండెకు ఎకో పరీక్ష చేయించాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాక ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలను దాదాపు 11 నెలలు వాయిదా వేస్తారు. కాబట్టి టీకాకు వెళ్లినప్పుడు ఆ సంగతి తప్పక చెప్పాలి.