పాప టీకా గురించి అడిగారు, మరి అమ్మ పరీక్ష?

పేరెంట్స్ మీటింగ్ రోజున హెల్త్ డెస్క్ దగ్గరికి వచ్చే తల్లులు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "హెచ్‌పీవీ టీకా అంటున్నారు కదా మేడమ్, మా పాపకి ఇంకా పదకొండేళ్లే. ఇప్పుడే ఎందుకండీ?" సమాధానం చెప్పాక మేము తిరిగి ఒక మాట అడుగుతున్నాం. "మరి మీరెప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?" చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. "నాకేమండీ, బాగానే ఉన్నాను" అంటారు. ఈ రెండు ప్రశ్నలకూ మధ్య ఉన్న సంబంధం చెప్పడానికే ఈ నెల వ్యాసం.

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇది ఒకే ఒక్క వైరస్ కాదు, రెండు వందలకు పైగా రకాలున్న కుటుంబం. పిల్లల చేతుల మీద, పాదాల మీద వచ్చే పులిపిర్లు కూడా ఈ కుటుంబంలోని కొన్ని రకాల పనే. వాటి గురించి భయపడనక్కర్లేదు. జననాంగాల దగ్గర చేరే రకాల్లో మాత్రం పద్నాలుగు దాకా క్యాన్సర్‌కు దారితీయగలవి ఉన్నాయి. వాటిలో 16, 18 అనే రెండు రకాలే ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. ఈ క్యాన్సర్‌కూ ఈ వైరస్‌కూ ఉన్న లంకె బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మంది మహిళలకు కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చిందనీ, దాదాపు 80,000 మంది చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా.

వైరస్ రావడం వేరు, ఉండిపోవడం వేరు

హెచ్‌పీవీ పేరు వినగానే చాలామంది మనసులో మెదిలేది ఆ స్త్రీ నడవడిక గురించిన అనుమానం. అది తప్పు. లైంగిక జీవితం ఉన్న ఆడవారిలో, మగవారిలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. హైదరాబాద్ పక్కనే ఉన్న మేడ్చల్ మండలంలో మామూలు గృహిణులను పరీక్షించినప్పుడు దాదాపు పది మందిలో ఒకరిలో ప్రమాదకర రకం కనిపించింది. జీవితమంతా ఒక్క భర్తతోనే ఉన్న స్త్రీకి కూడా ఇది రావచ్చు. భర్తకు పెళ్లికి ముందెప్పుడో సోకి ఉండవచ్చు, ఆ సంగతి ఆయనకే తెలియకపోవచ్చు. మగవారిలో సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు. చర్మం చర్మానికి తగలడం వల్ల సోకేది కాబట్టి కండోమ్ కూడా కొంతవరకే అడ్డుకుంటుంది.

ఊరట కలిగించే విషయమేమిటంటే, సోకిన పది మందిలో తొమ్మిది మందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని తరిమేస్తుంది. మందులు అక్కర్లేదు, వచ్చి పోయిందని కూడా తెలియదు. చిక్కంతా ఆ మిగిలిన ఒక్కరిదే. వైరస్ ఏళ్ల తరబడి ఉండిపోతే గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాలు మెల్లగా మారతాయి. ఆ మార్పు క్యాన్సర్ అయ్యేసరికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. కాబట్టి అడగాల్సింది వైరస్ ఎవరికి వస్తుందని కాదు, ఎవరిలో ఉండిపోతుందని.

చిన్న వయసులో పెళ్లయిన వారిలో ప్రమాదం ఎక్కువ. టీనేజ్‌లో ఆ భాగంలోని కణాలు ఇంకా ఎదిగే దశలో ఉంటాయి కాబట్టి వైరస్ తేలిగ్గా పాతుకుపోతుంది. మా పిల్లలకు చదువయ్యాకే కదా పెళ్లి అని మీరనుకోవచ్చు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైగా ఉన్నారు. మన అమ్మల, అత్తల తరంలోనైతే అది మామూలు సంగతి. ఎక్కువ కాన్పులు అయినవారిలోనూ ప్రమాదం ఎక్కువే. భర్తకు వేరే సంబంధాలు ఉంటే భార్యకు ప్రమాదం పెరుగుతుంది.

పొగాకు మరో కారణం. సిగరెట్టు, బీడీ అనే కాదు, ఉత్తరాంధ్రలో పెద్ద వయసు ఆడవాళ్లు కాల్చే చుట్ట కూడా ఈ లెక్కలోదే. గర్భనిరోధక మాత్రలు ఐదేళ్లకు మించి వాడినవారికి ప్రమాదం కొంత పెరుగుతుంది, మానేశాక తగ్గుతూ వస్తుంది. అలాగని డాక్టరును అడగకుండా మాత్రలు ఆపేయకండి. హెచ్ఐవీ ఉన్నవారికి, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి పరీక్ష మరీ ముఖ్యం. అలాంటివారిలో ఇరవై ఏళ్లు పట్టే మార్పు ఐదు, పదేళ్లలోనే రావచ్చు.

వీటన్నిటికంటే పెద్ద కారణం మరొకటి ఉందని మా అభిప్రాయం. ఎవరూ చూడకపోవడం. అదే సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరు. పదిహేనేళ్ల వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. ఆ వ్యవధినంతా మనం వృథా చేసుకుంటున్నాం.

అమ్మకు

ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ, ఏ ఇబ్బందీ లేకపోయినా, ఈ పరీక్ష అవసరం. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ అనే పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమం. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిదే, పూసి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా మారుతుంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో మూడేళ్లకోసారి చేసే పాప్ స్మియర్, లేదా నేరుగా వైరస్‌నే వెతికే హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష ఉంటాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షకు పైగా మహిళలతో జరిగిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి ఈ డీఎన్ఏ పరీక్ష చేసిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఏ పరీక్షైనా కొద్ది నిమిషాల పని. మత్తు అక్కర్లేదు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే.

పరీక్షలో వైరస్ ఉందని తేలితే అది క్యాన్సర్ కాదు. ఇంకాస్త జాగ్రత్తగా చూడాలని అర్థం. మారిన పొర కనిపిస్తే దాన్ని మాత్రమే తీసేసే చిన్న చికిత్సలున్నాయి, సాధారణంగా ఆ రోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో దేశంలో ముందు వరుసలో ఉన్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. తెల్లబట్ట అవుతోందని వెళితే "క్యాన్సర్‌గా మారుతుంది" అన్న భయంతో ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవారు మన బంధువుల్లోనే కనిపిస్తారు. ఆ మాట ఎవరైనా అంటే, ఏ పరీక్షలో తేలిందో రిపోర్టు చూపించమని అడగండి.

కలయిక తర్వాత రక్తం కనిపించినా, నెలసరికీ నెలసరికీ మధ్య కనిపించినా, నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ కనిపించినా ఐదేళ్ల లెక్క చూసుకోకుండా ఆ వారమే గైనకాలజిస్టును కలవండి. మీ అమ్మగారికి, అత్తగారికి, ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు కూడా ఈ మాట చెప్పండి. వాళ్లు తమంతట తాము అడగరు.

అమ్మాయికి

ఇక మొదటి ప్రశ్న. పదకొండేళ్లకే ఎందుకంటే, ఈ టీకా వైరస్‌ను రానీయకుండా ఆపుతుంది కానీ వచ్చినదాన్ని పోగొట్టలేదు. పైగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య శరీరం టీకాకు బాగా స్పందిస్తుంది. అందుకే ఆ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు సరిపోతాయి. పదిహేను నిండితే సాధారణంగా మూడు వేస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయిల తల్లిదండ్రులు పుట్టినరోజు తేదీ ఒకసారి చూసుకోవడం మంచిది. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసును కూడా అంగీకరిస్తోంది. ఏది పాటించాలో మీ పిల్లల డాక్టరు చెబుతారు. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్ అనే దేశీయ టీకా 2023 నుంచి ఉంది.

స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా అమ్మాయిల రికార్డులు పరిశీలిస్తే, పదిహేడేళ్లలోపు టీకా వేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా ఉంది. టీకా వేయించుకున్నా అన్ని రకాల నుంచీ రక్షణ ఉండదు కాబట్టి, వాళ్లు పెద్దయ్యాక పరీక్ష మాత్రం మానకూడదు. గొంతు, మలద్వార క్యాన్సర్ల విషయంలో ఈ వైరస్ మగవారినీ వదలదు. చాలా దేశాల్లో అబ్బాయిలకూ టీకా వేస్తున్నది అందుకే.

కొందరు తండ్రులు ఖమ్మం సంగతి ఎత్తుతున్నారు. ఎత్తడం న్యాయమే. 2009లో ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు పాత్ అనే అమెరికన్ సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి ప్రయోగాత్మకంగా ఈ టీకా వేయించింది. గుజరాత్‌లోనూ ఇలాంటిదే జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయినట్లు వార్తలు రావడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. నీళ్లలో మునిగిపోవడం, పాము కాటు, పురుగుమందు, మలేరియా వంటివి ఆ మరణాలకు కారణాలనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణ సంఘం చెప్పింది. కానీ అదే విచారణ ఇంకో విషయాన్ని బయటపెట్టింది. ఖమ్మంలో రెండున్నర వేలకు పైగా అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ తప్పు జరిగింది సిరంజిలో కాదు, కాగితం మీద.

మన క్యాంపస్‌లలో, హాస్టళ్లలో కూడా, ఎప్పుడు టీకా శిబిరం పెట్టినా ఫారం మీ ఇంటికే వస్తుంది. వార్డెన్ సంతకం చెల్లదు. సంతకం చేసే ముందు టీకా పేరు, ఎన్ని డోసులు, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అడగండి. పాపకు అలర్జీలుంటే, గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన రియాక్షన్ వచ్చి ఉంటే రాయండి. ఆ రోజు టిఫిన్ తినిపించి పంపండి. ఈ వయసు పిల్లలకు సూది చూస్తేనే కళ్లు తిరగడం మామూలు, అందుకే వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెడతాం. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, కొందరికి కాస్త జ్వరం రావచ్చు.