స్మార్ట్ కాంట్రాక్టులలో దత్తాంశ కూర్పు

స్మార్ట్ కాంట్రాక్టు అనగా బ్లాక్‌చైన్‌లో భద్రపరచబడి, ముందుగా వ్రాసిన షరతుల ప్రకారం అమలయ్యే కంప్యూటరు ప్రోగ్రాము. అందులో శాశ్వతంగా నిలిపే సమాచారాన్ని తక్కువ చోటులో ఇమిడేటట్లు అమర్చడాన్ని దత్తాంశ కూర్పు అంటారు. నిల్వ ఖర్చు తగ్గించడమే దీని ప్రయోజనం.

ఖర్చుకు కారణం

2015లో ప్రారంభమైన ఇథీరియమ్‌లో, పూర్తి ప్రతిని నిర్వహించే ప్రతి కంప్యూటరూ ఈ సమాచారాన్ని దాచుకోవలసి ఉంటుంది. అందుచేత నిల్వకు రుసుము ఎక్కువ. రుసుమును గ్యాస్ అనే ప్రమాణంలో లెక్కిస్తారు. నిల్వ స్థలం 32 బైట్ల గదులుగా విభజింపబడి ఉంటుంది. వీటిని స్లాట్లు అంటారు. 2021 నాటి బెర్లిన్ మార్పు ప్రకారం, ఖాళీ స్లాటులో తొలిసారి వ్రాయడానికి సాధారణంగా 22,100 గ్యాస్ అవసరం. గదిలో ఒక్క బైటు వ్రాసినా, 32 బైట్లు నింపినా ఖర్చు అంతే.

ఉదాహరణ

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల రక్షణకు బ్లాక్‌చైన్‌ను ప్రయోగాత్మకంగా చేపట్టింది. ఆ పథకపు అమరికతో సంబంధం లేకుండా, కేవలం బోధపడుటకు, చిత్తూరు జిల్లాలోని ఒక పొలం వివరాలను ఊహించుకొనవచ్చును.

* యజమాని ఖాతా చిరునామా - 20 బైట్లు
* సర్వే సంఖ్య - 4 బైట్లు
* విస్తీర్ణం, సెంట్లలో - 4 బైట్లు
* నమోదు తేదీ - 4 బైట్లు

మొత్తం సరిగ్గా 32 బైట్లు. ఒక్కొక్క వివరానికి ఒక్కొక్క గది కేటాయిస్తే 88,400 గ్యాస్ అవుతుంది. నాలుగింటినీ ఒకే గదిలో కూర్చి ఒకేసారి వ్రాస్తే నిల్వ ఖర్చు 22,100 మాత్రమే. సాలిడిటీ భాషలో చిన్న చరరాశులను వరుసగా ప్రకటిస్తే కంపైలరే వాటిని ఈ విధంగా కూర్చుతుంది. నడుమ 32 బైట్ల చరరాశి వస్తే ఆ వరుస తెగి, అదనపు గదులు కావలసి వస్తాయి.

జాగ్రత్తలు

పొదుపు కొరకు విస్తీర్ణానికి 2 బైట్లే కేటాయిస్తే అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 65,535. అనగా 655 ఎకరాల 35 సెంట్లు. 700 ఎకరాల చెరువును, అంటే 70,000 సెంట్లను, బలవంతంగా 2 బైట్లకు మార్చితే 4,464 సెంట్లు మాత్రమే మిగులుతాయి. చెరువు 44 ఎకరాల 64 సెంట్లుగా నమోదవుతుంది. 2020లో వచ్చిన సాలిడిటీ 0.8 నుండి కూడికలు, గుణకారాలు హద్దు మీరితే లావాదేవీ ఆగిపోతుంది గాని, ఇటువంటి రకపు మార్పిడిని భాష అడ్డుకొనదు. కావున గది వెడల్పును నేటి విలువను బట్టి గాక, రాగల అత్యధిక విలువను బట్టి నిర్ణయించవలెను.