కొత్త హెడ్డు బిగించే ముందు ఒక్క పూట ఆగండి

లారీ వేడెక్కి దారిలో ఆగిపోయింది. రేడియేటర్‌లో బుడగలు, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంది. "హెడ్డు పోయింది, మార్చాల్సిందే" అని మేస్త్రీ తేల్చేశాడు. అక్కడి నుంచి ఓనరుకు లెక్కలు మొదలవుతాయి. హెడ్డు ధర, గ్యాస్కెట్, లేబర్, బండి ఆగిన రోజుల కిరాయి, పైగా నెల తిరిగేసరికి కట్టాల్సిన ఫైనాన్స్ కిస్తీ. ఒక్క బండి మీదే ఇల్లు నడిచే కుటుంబానికి ఇది చిన్న దెబ్బ కాదు.

ఆ తొందరలో చాలామంది చేసే పని ఒకటుంది. షాపు నుంచి తెచ్చిన హెడ్డును పెట్టె విప్పి నేరుగా బిగించేస్తారు. అది మళ్లీ లీకైతే షాపువాళ్లు మహా అయితే హెడ్డు మార్చి ఇస్తారు. లేబర్, కొత్త గ్యాస్కెట్, ఆయిల్, పోయిన కిరాయి మాత్రం ఓనరు నెత్తినే పడతాయి. అందుకే హెడ్డు బల్ల మీద ఉండగానే చూసుకోవాలి, ఇంజన్ మీదికి ఎక్కాక కాదు.

హెడ్డు మీద ఇంత భారం ఎందుకు?

డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ బండికి ఉన్నట్టు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ సుమారు 16వ వంతుకో, 18వ వంతుకో కుదిస్తుంది. ఆ ఒత్తిడిలో పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ మంటను పైనుంచి మూతలా ఆపేది హెడ్డే. అందులోంచే నీళ్లు, ఆయిల్ వేరువేరు దారుల్లో పోతుంటాయి. వెంట్రుకంత పగులు వచ్చినా ఒకటి ఇంకొకదానిలో కలుస్తుంది.

మార్కెట్‌లో హెడ్డు మూడు రకాలుగా దొరుకుతుంది. బండి కంపెనీదే కొత్తది, వేరే తయారీదారుల కొత్తది, పాత ఇంజన్ నుంచి తీసి రిపేరు చేసినది. మూడో రకానికి పరీక్ష తప్పనిసరి. కానీ కొత్తది కదా అని మిగతా రెండింటినీ వదిలేయకూడదు. పోతపోసేటప్పుడు లోపాలు రావచ్చు, రవాణాలో కింద పడి దెబ్బ తగలొచ్చు.

ముందు పాతదాని పక్కన పెట్టి చూడాలి

ఒకే మోడల్ ఇంజన్‌లోనూ సంవత్సరాన్ని బట్టి హెడ్డు మారుతుంది. పోత మీద ఉన్న నంబరు, బోల్టు రంధ్రాలు, నీళ్ల దారులు, నోజిల్ కూర్చునే చోటు పాతదానితో సరిపోవాలి. కొత్త గ్యాస్కెట్‌ను హెడ్డు మీద పరిచి చూస్తే, ఏ రంధ్రం మూసుకుపోతుందో వెంటనే కనిపిస్తుంది.

తర్వాత లోపలి దారులు. పోతపోసిన ఇసుక, మిషన్ మీద కోసిన ఇనుప రజను ఆయిల్ దారిలో మిగిలితే బేరింగులు పాడవుతాయి. హెడ్డును బాగా కడిగి, ప్రతి దారిలోకీ కంప్రెసర్ గాలి కొట్టాలి. పక్కల్లో ఉండే గుండ్రటి రేకు మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. బోల్టు మరలు కూడా సాఫీగా ఉండాలి.

వంపు ఉందా?

గ్యాస్కెట్ కూర్చునే ముఖం అద్దంలా సమంగా ఉండాలి. స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్‌ను పొడవునా, అడ్డంగా, రెండు మూలల మీదుగా పెట్టి, కింద ఫిల్లర్ గేజ్ రేకు దూరుతుందేమో చూస్తారు. చాలా ఇంజన్లలో 0.1 మిల్లీమీటర్ దాటితే ఒప్పుకోరు. కొన్నింటిలో 0.05 దగ్గరే ఆపేస్తారు. 0.1 అంటే జిరాక్స్ కాగితం మందం. కంటికి కనపడదు, కానీ గ్యాస్కెట్‌ను కాల్చేయడానికి అది చాలు. మన ఇంజన్‌కు హద్దు ఎంతో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది.

పగులు దొరికేదెలా?

ఎక్కువగా పగిలే చోట్లు రెండు. ఒకటి రెండు వాల్వు సీట్ల మధ్య ఉన్న సన్నటి భాగం, ఇంకొకటి వాల్వు సీటుకూ నోజిల్ రంధ్రానికీ మధ్య. ఇక్కడ డై టెస్ట్ పనికొస్తుంది. శుభ్రం చేసిన ముఖం మీద ఎర్రరంగు ద్రవం కొట్టి, కాసేపు ఉంచి, తుడిచి, పైన తెల్ల పౌడర్ స్ప్రే చేస్తారు. పగులు ఉంటే తెల్లదనం మీద ఎర్రగీత పైకొస్తుంది. ఇనుప హెడ్డు అయితే అయస్కాంతం, ఇనుప పొడితో చేసే పరీక్ష కూడా ఉంది. అల్యూమినియానికి అది పనిచేయదు.

కొందరు ఉస్తాద్‌లు సుత్తితో తట్టి శబ్దం విని చెబుతారు. గంటలా మోగకుండా బొద్దుగా వినిపిస్తే అనుమానించాల్సిందే. అయితే చక్కగా మోగినంత మాత్రాన బాగున్నట్టు కాదు.

పైకి కనపడని పగులుకు ప్రెషర్ టెస్టే దిక్కు. నీళ్ల దారులన్నీ ప్లేట్లు, రబ్బర్లతో మూసి, లోపలికి గాలి ఎక్కించి, హెడ్డును వేడినీళ్లలో ముంచుతారు. బుడగ వచ్చిన చోటే లీకు. వేడినీళ్లే ఎందుకంటే, కొన్ని పగుళ్లు లోహం వేడెక్కి సాగినప్పుడే తెరుచుకుంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మెకానిక్ షెడ్డు, మిషన్ వర్క్ షాపు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఇది పెద్ద తిరుగుడు పని కాదు.

వాల్వులు, ఎత్తు

వాల్వులు బిగించి వచ్చిన హెడ్డు అయితే, గాలి వచ్చే, పొగ పోయే దారుల్లో కిరోసినో డీజిలో పోసి కొన్ని నిమిషాలు చూడాలి. సిలిండర్ వైపు చెమ్మ దిగితే వాల్వు సరిగా కూర్చోలేదన్నమాట. గైడులో వాల్వు అటూఇటూ ఊగకూడదు.

రిపేరు హెడ్డులో ఇంకో చిక్కుంది. ఫేసింగ్ కొట్టిన ప్రతిసారీ ఎత్తు తగ్గుతుంది. మరీ తగ్గితే పిస్టన్ వాల్వును తాకవచ్చు. నోజిల్ మొన కూడా కిందికి ఎక్కువ పొడుచుకొస్తుంది. అందుకే ఎత్తు, ముఖం నుంచి వాల్వు లోతు కొలిపించి మాన్యువల్‌తో పోల్చాలి. ఎత్తు చెప్పడానికి వెనకాడే షాపులో కొనకపోవడమే మేలు.

బిల్లు తప్పనిసరి

బిల్లు లేకుండా తక్కువకు వస్తుందని ఆశపడితే తర్వాత అడిగే హక్కు బలహీనపడుతుంది. బిల్లు మీద హెడ్డు నంబరు, కొత్తదా రిపేరుదా, గ్యారంటీ ఎన్ని రోజులు, పరీక్షలో ఫెయిలైతే వాపసు తీసుకుంటారా అన్నది రాయించుకోవాలి. పరీక్ష చేసిన షాపు రశీదు కూడా దాచుకోవాలి.

లారీ వ్యాపారానిది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేమని చాలామంది అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కేవలం స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న వస్తువైతే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల వరకైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ముందుగా సలహా కావాలంటే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

అసలు కారణం మిగిలిపోకూడదు

హెడ్డు ఊరికే పగలదు. రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు, వాటర్ పంపు, థర్మోస్టాట్ పాడై ఉండొచ్చు, నోజిల్ సరిగా చిమ్మకపోయి ఉండొచ్చు. అది సరిచేయకపోతే ఎంత మంచి హెడ్డైనా అదే దారి పడుతుంది. బ్లాకు ముఖానికీ స్కేలు పెట్టి చూడాలి, బోల్టు గుంతల్లో నీళ్లు, ఆయిల్ లేకుండా తుడవాలి. గుంతలో నీళ్లుండగా బోల్టు బిగిస్తే బ్లాకే పగలొచ్చు. ఆ తర్వాత మధ్య నుంచి బయటికి, కంపెనీ చెప్పిన వరుసలో, టార్క్ రెంచితో విడతలుగా బిగించాలి.

ఈ పరీక్షలన్నిటికీ ఒక పూటో, ఒక రోజో పడుతుంది. బండి ఎలాగూ షెడ్డులోనే ఉంది. ఆ ఒక్క రోజు కిరాయి వదులుకుంటే, రెండోసారి హెడ్డు దింపే ఖర్చు తప్పుతుంది.