అక్వేరియం ఫిల్టర్‌కు స్ప్రే బార్ రూపకల్పన – ద్రవగతిశాస్త్ర దృష్టి

ప్రవేశిక
ఫిల్టర్ శుద్ధి చేసిన నీటిని ఒకే ధారగా కాక, అనేక సన్నని ధారలుగా విభజించి తొట్టిలోకి పంపే రంధ్రాల గొట్టమే స్ప్రే బార్. చూడటానికి ఇది ఒక కొస మూసి, వరుసగా రంధ్రాలు చేసిన గొట్టం మాత్రమే. అయితే చేపలకు, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకు అందే ప్రాణవాయువు చాలావరకు దీని పనితీరుపై ఆధారపడి ఉంటుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సిద్ధాంతరీత్యా 4.57 గ్రాముల ఆక్సిజన్ అవసరం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీల వద్ద ఆ పరిమితి 7.6 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. కనుక వేసవిలో నీటి ఉపరితలాన్ని నిరంతరం కదిలించడం అత్యవసరమవుతుంది.

పీడనం – ప్రవాహం
పంపుకు దగ్గరగా ఉన్న రంధ్రం నుంచి నీరు ఎక్కువగా, చివరి రంధ్రం నుంచి తక్కువగా వస్తుందన్నది సాధారణ భావన. పొట్టి గొట్టాల్లో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ప్రతి రంధ్రం వద్ద కొంత నీరు బయటికి పోవడంతో గొట్టంలో మిగిలిన నీటి వేగం తగ్గుతుంది. బెర్నూలీ 1738లో ప్రచురించిన గ్రంథం నుంచి వికసించిన సూత్రం ప్రకారం, వేగం తగ్గినచోట స్థిర పీడనం పెరుగుతుంది. గొట్టం గోడల ఘర్షణ ఈ పెరుగుదలను కొంత తగ్గిస్తుందే తప్ప, గొట్టం పొట్టిదైతే పూర్తిగా రద్దు చేయలేదు. అందువల్ల మూసిన కొస వద్ద ధార బలంగా ఉంటుంది.

ఒక గణన
గంటకు 600 లీటర్ల నీటిని నిజంగా అందించే ఫిల్టర్‌ను, 13 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గొట్టాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. గొట్టపు అడ్డుకోత వైశాల్యం సుమారు 133 చదరపు మిల్లీమీటర్లు. ప్రవేశం వద్ద నీటి వేగం సెకనుకు 1.26 మీటర్లు. ఈ వేగానికి సమానమైన నీటి ఎత్తు 8 సెంటీమీటర్లు. ఘర్షణను వదిలివేస్తే, మొదటి, చివరి రంధ్రాల మధ్య పీడన భేదానికి ఇదే గరిష్ఠ పరిమితి.

రంధ్రాల ప్రవాహ గుణకం 0.62 అనుకుంటే, 4 మిల్లీమీటర్ల రంధ్రాలు 16 ఉన్నప్పుడు నీటిని బయటికి నెట్టడానికి 9 సెంటీమీటర్ల నీటి ఎత్తు చాలు. దానితో పోలిస్తే 8 సెంటీమీటర్ల భేదం చాలా పెద్దది. చివరి ధార మొదటిదానికంటే 37 శాతం వరకు అధికం కావచ్చు. అవే 16 రంధ్రాలను 3 మిల్లీమీటర్లకు కుదిస్తే 29 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. భేదం 13 శాతానికి తగ్గుతుంది. 3 మిల్లీమీటర్ల రంధ్రాలు 12 మాత్రమే చేస్తే భేదం 8 శాతమే, కాని 51 సెంటీమీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. ఈ ఖర్చును భరించేది ఫిల్టర్ పంపే. దాని శక్తి చాలకపోతే మొత్తం ప్రవాహమే పడిపోతుంది.

ధారల సమానత్వం, ప్రవాహ పరిమాణం – ఈ రెండింటి మధ్య సమన్వయమే రూపకల్పనలోని అసలు సమస్య. రంధ్రాల మొత్తం వైశాల్యం గొట్టపు అడ్డుకోత వైశాల్యాన్ని మించకూడదన్న నియమానికి ఆధారం ఇదే. పై ఉదాహరణలో 3 మిల్లీమీటర్ల 16 రంధ్రాల వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. అంటే గొట్టపు వైశాల్యంలో 85 శాతం.

నిర్మాణం – అమరిక
స్థిర ప్రవాహం వద్ద అవసరమైన నీటి ఎత్తు రంధ్ర వ్యాసపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. కనుక అర మిల్లీమీటరు తేడా కూడా ఫలితాన్ని మారుస్తుంది. చేసిన రంధ్రాన్ని పెద్దది చేయవచ్చు గాని చిన్నది చేయలేరు. అందుచేత సన్నని రంధ్రాలతో ప్రారంభించి, ప్రవాహాన్ని కొలిచి, అవసరాన్ని బట్టి వెడల్పు చేయడం శ్రేయస్కరం. మూసిన కొసకు ఊడదీయగల మూత ఉంటే నాచును శుభ్రం చేయడం సులభం.

గొట్టాన్ని నీటిమట్టానికి కొద్దిగా దిగువన అమర్చి, ధారలను ఏటవాలుగా పైకి తిప్పితే ఉపరితలం బాగా కదులుతుంది. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందించే తొట్టెల్లో అంతటి కదలిక ఆ వాయువును వెలుపలికి పంపివేస్తుంది. అక్కడ ధారలను సమాంతరంగా ఉంచడం మేలు. నిదానమైన నీటిని కోరుకునే బెట్టా వంటి చేపలుంటే ధారలను గోడవైపు తిప్పవచ్చు. గొట్టం లోతుగా ఉండి, బయటి పైపు ఊడిపోతే తొట్టిలోని నీరు రంధ్రాల మట్టం వరకు వెనక్కి కారిపోతుంది. నీటిమట్టానికి చేరువగా ఒక చిన్న రంధ్రం ఉంటే, మట్టం కాస్త తగ్గగానే దాని ద్వారా గాలి చొరబడి ఆ కారడం ఆగుతుంది.

ముగింపు
స్ప్రే బార్‌కు అన్ని తొట్టెలకూ వర్తించే ఒకే కొలత లేదు. ఫిల్టర్ నిజ ప్రవాహం, గొట్టపు వ్యాసం, రంధ్రాల మొత్తం వైశాల్యం, పెంచే జీవుల స్వభావం – ఈ నాలుగింటినీ కలిపి నిర్ణయించినప్పుడే అది తన ప్రయోజనాన్ని నెరవేరుస్తుంది.